పదిహేడో ఇల్లు

ఆడపడుచు గడప దాటి లోపలికి రాలేదు.

పొద్దున ఎనిమిదింటికి వచ్చి వీధి మెట్టు మీద కూర్చుంది. పదిన్నరయినా అక్కడే ఉంది. కుట్టుపని సంచీ ఒళ్ళో పెట్టుకుని, అందులో కత్తెర ఉందో లేదో మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది. తల్లి రెండుసార్లు లోపలికి రమ్మంది. మూడోసారి అనలేదు. టీ తెచ్చి పక్కన పెట్టి, చూపు కలపకుండా వెనక్కి వెళ్ళిపోయింది. టీ చల్లారి మీద పొర కట్టింది.

నిన్న సాయంత్రం పడవ కట్టేసి ఒడ్డెక్కుతున్న సరంగుని వన్యప్రాణి ఆఫీసు వాళ్ళు జీపులో తీసుకెళ్ళారు. సరంగంటే ఆడపడుచు మొగుడు. రేవు వీధిలో అందరికీ ఆ పిలుపే అలవాటు. అప్పట్నుంచీ ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టి ఉంచారు. మధ్యాహ్నం మూడింటికి విచారణ. నేరం, నది మధ్య ఇసుక మెట్టలో తాబేలు గుడ్లు తవ్వుకోవడం. రుజువైతే పడవ పోతుంది, రెండేళ్ళు జైలు. సాక్ష్యం ఒకే ఒక్క కాగితం. ఆ కాగితం మీద రాత ఆమెది, ఈ ఇంటి కోడలిది.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, మెట్టు మీద కనిపిస్తున్న వీపు వంక చూస్తోంది. మనుషుల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ చేత మాట్లాడించడం ఆమె ఉద్యోగం. పలకనివాళ్ళని ఎలా పలికించాలో కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెప్పింది. ముందు వెళ్ళి కూర్చోవాలి. వాళ్ళు ఏ ఎత్తులో కూర్చుంటే ఆ ఎత్తులోనే కూర్చోవాలి. పుస్తకం బయటికి తియ్యకూడదు.

ఆమె వెళ్ళి అదే మెట్టు మీద కూర్చుంది.

"ఇది కూడా నేర్పుతారా మీ ఆఫీసులో?" అంది ఆడపడుచు తల తిప్పకుండానే. "పక్కన కూర్చోవడం."

ఆమె జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకుండా ఉండటం కూడా నేర్పేదే.

నది ప్రాజెక్టులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పని చేస్తారు. అతను తాబేళ్ళని లెక్కపెడతాడు. దొరికిన తాబేలు డిప్ప అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టి నదిలో వదిలేస్తాడు. మళ్ళీ వల వేసినప్పుడు పడ్డవాటిలో గాట్లున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని చూసి, నది మొత్తం మీద ఎన్ని మిగిలాయో అంచనా కడతాడు. మొదటి ఏడు నాలుగు వందలు. ఈ ఏడు నూట అరవై. ఆమె మనుషుల్ని లెక్కపెడుతుంది. ఎందరు గుడ్లు తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు అని. మనిషి ఒంటి మీద గాటు పెట్టే వీలు లేదు కనక ఆమె పద్ధతి వేరు. రేవు వీధి అతన్ని తాబేళ్ళాయన అంటుంది, ఆమెని పాచికలమ్మ అంటుంది.

మూతున్న రేకు డబ్బాలో ఒక పాచిక ఉంటుంది. అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఏడు గుడ్లు తీశారా? జవాబు చెప్పే మనిషి డబ్బా కుదిపి, మూత తీసి, తనొక్కడే చూసుకుంటాడు. ఒకటి పడితే, తీసినా తియ్యకపోయినా అవునని చెప్పాలి. ఆరు పడితే కాదని చెప్పాలి. మధ్యలో ఏది పడినా ఉన్నమాట చెప్పాలి. ఆ కాసేపూ ఆమె మొహం అటు తిప్పుకుంటుంది. అవునన్నవాడు పాచిక అనమంటే అన్నాడో, నిజంగానే అన్నాడో ఎవరూ చెప్పలేరు. నూటపన్నెండు ఇళ్ళ జవాబులూ పోగేసి, అందులోంచి పాచిక వాటా తీసేస్తే మిగిలేది వీధి నిజం. మూడిళ్ళకి ఒక ఇల్లు గుడ్లు తీస్తోంది. ఏ ఇల్లన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మొదట్లో ఆడవాళ్ళు నోరు మూసుకుని నవ్వారు. ఒక ముసలావిడ, ఆ డబ్బా ఏదో తనకిచ్చేస్తే మొగుణ్ణి కూడా అడగాల్సినవి చాలా ఉన్నాయంది. తర్వాత నమ్మారు.

పదిహేడో ఇంట్లో మనిషి డబ్బా ముట్టుకోలేదు.

పడవ తెడ్డుకి తారు పూస్తూ కూర్చున్నాడు సరంగు. చేతులు నల్లగా ఉన్నాయి. ఆమె చాచిన డబ్బా వంక చూసి, తలడ్డంగా ఊపి, నీ దగ్గర దాపరికమేంటక్కా, తీస్తాను, రాసుకో అన్నాడు.

ఆమె రాసుకుంది. గడిలో 'అవును' అని రాసి ఊరుకుంటే సరిపోయేది. పక్కన అంచులో చిన్న అక్షరాలతో ఇంకో ముక్క రాసింది. 'పాచిక వెయ్యనన్నాడు. నీ దగ్గర దాపరికమేంటక్కా అన్నాడు.'

ఎందుకు రాసిందో నిన్నట్నుంచీ తనని తాను అడుగుతూనే ఉంది. జవాబు తెలియక కాదు. ఆమె ఒక్కతే సంతానం. బుద్ధెరిగాక అతను తప్ప ఆమెని అక్కా అని పిలిచినవాళ్ళు లేరు. ఆడపడుచు వదినా అంటుంది, వీధి అమ్మా అంటుంది, ఆఫీసు మేడం అంటుంది. ఆ ఒక్క పిలుపూ గాలిలో పోవడం ఇష్టం లేక కాగితం మీద పెట్టుకుంది. పుస్తకంలో పేర్లుండవు, నంబర్లే. నంబరుకీ పేరుకీ ముడివేసే జాబితా విడిగా రేకు పెట్టెలో, తాళం కింద ఉంటుంది. ఇంత జాగ్రత్త పడ్డ మనిషి, సంతోషం కొద్దీ గాటు పెట్టింది.

"నిన్ను అక్కా అనేది ఆయనేనని ఆ ఆఫీసు గార్డు చెప్పాడట," అంది ఆడపడుచు. "గార్డు నోటిమాట చాలదట. వీధిలో ఎవరూ నోరు విప్పరు. నీ జాబితా చూస్తే తేలిపోతుందట."

"తెలుసు."

"పదిహేడు పక్కన పేరు మార్చు."

ఎవరి పేరు రాయాలో కూడా ఆలోచించుకునే వచ్చింది. వలలు అల్లేవాడి పేరు. అతను పోయిన నెల జ్వరమొచ్చి చనిపోయాడు. వయసు సరిపోతుంది. వాడూ వదినతో చనువుగానే ఉండేవాడు. అక్కా అన్నాడంటే ఎవరు కాదంటారు? ఆడపడుచు ఈ ముక్కలన్నీ గుడ్డ కత్తిరించడానికి ముందు సుద్దతో గీతలు గీసినట్టు వరసగా చెప్పింది.

"చచ్చినవాణ్ణి ఏం చేస్తారు వదినా? తవ్వి తీసి జైల్లో పెడతారా?"

"వాడి పెళ్ళాం ఉంది. పడవ ఇంకా వాడి పేరునే ఉంది."

"నేనూ ఒకడి పెళ్ళాన్నే."

ఎదురింటి గుమ్మంలోంచి ఎవరో తొంగిచూసి లోపలికి వెళ్ళారు. ఆడపడుచు చల్లారిన టీ గ్లాసుని వేలితో కొంచెం పక్కకి జరిపింది.

"ఒక్క సంగతి చెప్పు. వీధంతా నీ పాచికని నమ్మింది. ఆయనొక్కడూ నిన్ను నమ్మాడు. ఎవరు తెలివైనవాళ్ళు?"

ఆమె లేచి లోపలికి వచ్చింది.

భర్త భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పాత పళ్ళ బ్రష్షుతో ఆకురాయి సందుల్లో పేరుకున్న డిప్ప పొడి తీస్తున్నాడు. మనసు బాగులేనప్పుడు అతను పనిముట్లు శుభ్రం చేస్తాడు. నిన్నట్నుంచీ భార్యాభర్తలు ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకోలేదు. అన్నీ అత్తగారి మీదుగానే నడుస్తున్నాయి. స్నానానికి నీళ్ళున్నాయేమో అడగమ్మా. ఉన్నాయని చెప్పండత్తయ్యా. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం చేసిన ఆవిడ, ఇద్దరి మాటలూ మొహంలో రంగు మారకుండా మోస్తోంది.

పుస్తకాన్ని ఆఫీసుకి ఇచ్చింది అతనే. ఇసుక మెట్ట మీదికి వెళ్ళడానికి ఏటా అనుమతి తీసుకోవాలి. ఈసారి వన్యప్రాణి ఆఫీసు వాళ్ళు వీధి వివరాలు కూడా ఇస్తేనే అనుమతి అన్నారు. ఆమె మూడు రోజులు శిక్షణకని ఊరెళ్ళినప్పుడు, అతను ఆమె అల్మారా తీసి పుస్తకం పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆ ముక్క నిన్నటిదాకా చెప్పలేదు.

ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"నన్ను అడగకుండా ఇచ్చావు."

అతను బ్రష్షు ఆపలేదు. "అడిగితే ఏమనేదానివి? పాచిక ఉంది, ఏ ఇల్లో ఎవరికీ తెలియదు అనేదానివి. ఆ మాట నువ్వు ఎంతమంది ముందు చెప్పావో అన్నిసార్లూ నేను విన్నాను. నమ్మాను. నీ పద్ధతిని నీకన్నా ఎక్కువ నమ్మినవాణ్ణి నేనే."

"ఇచ్చేముందు ఒకసారి చదవాల్సింది."

"అంకెలు చూశాను. నువ్వు అంచుల్లో కూడా రాస్తావని నాకేం తెలుసు?"

నిజమే. పదేళ్ళ కాపురంలో అతను అంచులు చూసిన మనిషి కాడు. ఉత్తరం రాస్తే విషయం చదివి, కింద సంతకం పక్కన ఉన్నది వదిలేసేవాడు. అయినా అతని మాటలో తప్పేమీ కనిపించలేదు ఆమెకి. అదే ఎక్కువ కష్టంగా ఉంది. తప్పంతా అతనిదే అయితే తిట్టుకుంటూ బతకొచ్చు. తప్పంతా తనదే అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇద్దరి తప్పులూ ఒకదాని చేతిలో ఒకటి చెయ్యేసుకుని సరిగ్గా ఒక మనిషి దగ్గరికి వెళ్ళి ఆగాయి.

అత్తగారు కంచాలు సర్దుతూ, చిన్నది అడిగినట్టు రాసెయ్యమంది. ఆవిడ గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. మంచం పక్కన నిలబడి మందు ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పినట్టుంది.

"ఆస్పత్రిలో చచ్చిపోయినవాళ్ళ పేరుమీద బతికున్నవాళ్ళకి దుప్పట్లిచ్చేవాళ్ళం అమ్మాయ్. ఎవరూ లేచొచ్చి నా దుప్పటేదని అడగలేదు."

"ఇది దుప్పటి కాదమ్మా," అన్నాడు కొడుకు. మొదటిసారి బ్రష్షు బల్ల మీద పెట్టాడు. జాబితా ఒక్కచోట దిద్దితే మొత్తం ప్రాజెక్టే దొంగదైపోతుందన్నాడు. ఒడ్డున ఇసుక తవ్వుకోవడానికి ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నవాళ్ళని ఆపింది తన లెక్కలేనన్నాడు. ఆ లెక్కల మీద అనుమానం వస్తే ఈ ఎండాకాలంలోనే మెట్ట ఎత్తుకుపోతారు, తాబేలుకి గుడ్డు పెట్టే చోటే ఉండదు. బావకి మంచి వకీలుని పెడదాం, తనే తిరుగుతాడు. కానీ రాసింది రాసినట్టే ఉండాలి. ఆఖరికి భార్య వైపు తిరిగి, "లెక్కలో అబద్ధం రాయకూడదు. నీకు నేను చెప్పాలా?" అన్నాడు.

మెట్టు మీంచి నవ్వు వినిపించింది. పొద్దున్నుంచీ ఆ మనిషి నవ్వడం అదే.

"అన్నయ్యా," అంది ఆడపడుచు అక్కణ్ణుంచే, గొంతు పెంచకుండా. "నక్క సంగతి వదినకి చెప్పావా?"

అత్తగారి చేతిలో కంచం అల్మారా దగ్గర ఆగింది. ఆవిడకీ తెలుసని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఇంట్లో నలుగురుంటే ముగ్గురికి తెలిసిన విషయమేదో ఉంది. ఇళ్ళిళ్ళూ తిరిగి గుట్లు రాబట్టే మనిషి సొంత ఇంట్లో ఒక్క ప్రశ్న అడగలేదు.

"ఏ నక్క?"

అతను ఆకురాయి తీసుకుని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

ఆమె లేచి ముందుగదిలో అతని అల్మారా దగ్గరికి వెళ్ళింది. గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. గూళ్ళ పుస్తకం. అందులో ఎనిమిదేళ్ళ లెక్క ఉంది. ఇందులో అంకెలన్నీ ఏడాదికోసారి కంప్యూటర్లో ఎక్కించేది ఆమే. గూడు నంబరు, మొదటి రోజు గుడ్లెన్ని, రెండోసారి చూసినప్పుడు ఎన్ని, తగ్గితే కారణం. ముప్పై ఒకటి, ఇరవై రెండు, నక్క. ఇరవై ఎనిమిది, పంతొమ్మిది, నక్క. ముప్పై మూడు, ఇరవై నాలుగు, నక్క. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. ఎక్కించడమే గాని ఒకదాంట్లోంచి ఒకటి ఒక్కసారీ తీసివేసి చూడలేదు. ప్రతిసారీ తొమ్మిదే.

లెక్క తెలిసిన నక్క. పైగా ఈత కూడా వచ్చు. మెట్ట నది నడిమధ్యలో ఉంది, చుట్టూ రెండు నిలువుల లోతు నీళ్ళు.

రెండేళ్ళ కిందట ఈ పుస్తకంలో నక్క అని ఉండటం చూసి, వన్యప్రాణి ఆఫీసు వాళ్ళు ఒడ్డు పొడుగునా పది బోన్లు పెట్టారు. నెల రోజులకి ఒక్క ప్రాణి పడింది. అది ఆఫీసు గుమాస్తా కుక్క. ఆ సాయంత్రం ఈ బల్ల దగ్గరే కూర్చుని అందరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. సరంగు నవ్వాడు. ఇతనూ నవ్వాడు. అందరికన్నా ఎక్కువ తనే నవ్వింది.

పుస్తకం తెచ్చి బల్ల మీద, అతని ముందు తెరిచి పెట్టింది. అతను దాని వంక చూడలేదు.

"గూళ్ళు ఎక్కడెక్కడున్నాయో నాకెవరు చూపించారనుకున్నావు?" అన్నాడు. "ఇసుక మీద చూస్తే ఏమీ కనిపించదు. గుడ్లు తీసేవాడికే తెలుస్తుంది. మొదటి రోజే మాట్లాడుకున్నాం. గూటికి తొమ్మిది. ఒక్కటి ఎక్కువ తియ్యలేదు, ఇంకొకణ్ణి తియ్యనివ్వలేదు. తొమ్మిది వదులుకుని ఇరవై రెండు దక్కించుకున్నాను."

"నక్క అని రాశావు."

"గడి ఖాళీగా ఉంచకూడదు. ఏం రాయమంటావు? బావ అని రాయనా?"

ఆ మాట అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఎనిమిదేళ్ళ కిందట మొదటిసారి ఆ గడి ముందు కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటాడు. ఆమెకి దాదాపు జాలి వేసింది. ఒకే మనిషి ఇద్దరి పుస్తకాల్లోకీ వచ్చాడు. ఇతను నక్క అని రాసి ఎనిమిదేళ్ళు కాపాడాడు. తను అక్కా అని రాసి మూడు నెలల్లో పట్టించింది.

"అప్పటికింకా బావ కాదుగా ఆయన," అంది ఆడపడుచు. ఎప్పుడు లేచిందో, గడప అవతల నిలబడి ఉంది. కాలు మాత్రం లోపల పెట్టలేదు. "మూడేళ్ళకి నన్నిచ్చి చేశావు. అప్పుడు కూడా నీ గూళ్ళ లెక్క చూసుకునే చేశావేమో, నాకేం తెలుసు."

"చిన్నా," అంది తల్లి.

"నేనేం బాధపడటం లేదమ్మా. మంచివాడికే ఇచ్చారు."

అతను లేచి భార్య దగ్గరికి వచ్చాడు. తల్లీ చెల్లెలూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. ఈ పుస్తకం సంగతి మాత్రం అక్కడ ఎత్తొద్దన్నాడు. ఇది బయటపడితే నదిలో తాబేళ్ళ గురించి చూపించడానికి ఒక్క అంకె కూడా మిగలదు. తన కోసం కాదు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు తన కళ్ళలోకి చూడలేకపోయాడని ఆమె గమనించింది. గమనించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఉద్యోగం కళ్ళలోకి దిగిపోయింది. మొగుడి మొహాన్ని కూడా అదే చదువుతోంది.

రెండున్నరకి ఆమె సంచీలో జాబితా ఉన్న రేకు పెట్టె పెట్టుకుంది. దాని పక్కన గూళ్ళ పుస్తకం కూడా పెట్టింది. అతను చూశాడు. చెప్పులు వేసుకున్నాడు. మెట్టు దిగుతుంటే ఆడపడుచు కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. ఏం చెప్తావని అడగలేదు.

ఆఫీసుకి రేవు వీధి మీదుగానే వెళ్ళాలి. వాళ్ళు వస్తుంటే ఒక్కొక్క గుమ్మమే ఖాళీ అవుతూ వచ్చింది. ఎవరూ తలుపులు దబాల్న వెయ్యలేదు. పనేదో గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళారంతే. నూటపన్నెండు ఇళ్ళ కోసం పాచిక వేయించింది. ఇప్పుడు నూటపన్నెండు ఇళ్ళూ తనకి ఒకే జవాబు చెప్తున్నాయి. వలలల్లేవాడి పెళ్ళాం ఒక్కతే కదల్లేదు. దారికడ్డంగా వల పరుచుకుని కూర్చుంది. వాళ్ళని చూసి, వల అంచు కొంచెం దగ్గరికి లాక్కుని, వెళ్ళండమ్మా అంది. ఆమె వెళ్ళింది. ఆ వల మడత కాలికి తగలకుండా ఎంత జాగ్రత్తగా అడుగేసిందో తనకే తెలిసింది.

ఆఫీసరు గది చిన్నది. గోడ మీద నది పటం, దాని నిండా రంగు గుండుసూదులు. కిటికీ అరుగు మీద గాజు సీసాలో మందు నీళ్ళలో ఒక తాబేలు పిల్ల. ఆఫీసరు ఆమెకన్నా చిన్నవాడు, కూర్చోమని కుర్చీలు తనే జరిపాడు. గోడవారగా బల్ల మీద సరంగు కూర్చుని ఉన్నాడు. చేతుల మీద తారు మరకలు పూర్తిగా పోలేదు. ఆమెని చూసి లేచాడు.

"నమస్కారం అమ్మా," అన్నాడు.

వీధి వీధంతా ఎలా అంటుందో అలాగే అన్నాడు. గొంతులో తడబాటు లేదు. ఆ ఒక్క మాటనీ బల్ల మీద కూర్చుని అప్పట్నుంచీ సాధన చేశాడేమో. ఏ పిలుపు తనని పట్టించిందో అతనికి చెప్పి ఉంటారు. అతను దాన్ని నోట్లోంచి తీసేశాడు. ఆమెకి ప్రతినమస్కారం చెయ్యడానికి చెయ్యి లేవలేదు.

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇతను మిమ్మల్ని ఎప్పుడూ ఇలాగే పిలుస్తాడా?"

మొహం అటు తిప్పుకునేవాళ్ళు ఎవరూ లేరిక్కడ. డబ్బా లేదు, మూత లేదు. అవునంటే ఆ అవును పూర్తిగా తనదే.

"అవును," అంది ఆమె. "అమ్మా అనే పిలుస్తాడు."

పక్క కుర్చీలో భర్త ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అది నిశ్చింతో, నిరాశో ఆమె పోల్చుకోలేకపోయింది. ఆఫీసరు తల ఊపి, ముందున్న పుస్తకంలో ఒక పేజీ తెరిచి, అంచు మీద వేలు పెట్టాడు. ఆ వేలి కింద తన చిన్న అక్షరాలు తలకిందులుగా కనిపించాయి.

"అయితే అక్కా అన్నది ఎవరు? జాబితా తెచ్చారు కదా."

ఆమె ఒళ్ళోని సంచీలో చెయ్యి పెట్టింది. ముందు రేకు పెట్టె తగిలింది, చల్లగా. అందులో పదిహేడు పక్కన పేరు ఉన్నదున్నట్టే ఉంది. తను దిద్దలేదు. దిద్దనూ లేదు, చింపనూ లేదు. ఇంట్లో అంతసేపు కూర్చుని ఏమీ చెయ్యలేకపోయింది. దారిలో వల అంచు దగ్గరికి లాక్కున్న చేతులు గుర్తొచ్చాయి. తర్వాత వేళ్ళకి గుడ్డ అట్ట తగిలింది.

అక్కడ ఆగింది.

ఈ పుస్తకం బల్ల మీద పడితే ప్రశ్న మారిపోతుంది. అక్కా అన్నది ఎవరని ఇంకెవరూ అడగరు. నక్క అన్నది ఎవరని అడుగుతారు. సరంగు తప్పించుకుంటాడా అంటే, తప్పించుకోడు. బహుశా ఇంకా లోతుగా కూరుకుపోతాడు. ఆ సంగతి ఆమెకి స్పష్టంగానే తెలుసు. న్యాయం కోసం కాదు, తాబేళ్ళ కోసం కాదు. నిన్నట్నుంచీ తనొక్కతే దోషిలా తిరుగుతోంది. లెక్కలో అబద్ధం రాయకూడదన్న మనిషి కూడా ఆ గోడవార బల్ల మీద ఒక్క పూట కూర్చోవాలి. అంతే కావాలి ఆమెకి. అంత చిన్న కోరిక తనలో ఉందని తెలిసి కూడా వేళ్ళు అట్ట చుట్టూ బిగుసుకున్నాయి.

గుడ్డ అట్ట అంచు సంచీలోంచి పైకి వచ్చింది.

భర్త చూశాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కిటికీ అరుగు మీది సీసా వంక చూస్తూ కూర్చున్నాడు.

గోడవార మనిషి కూడా చూశాడు. ఎనిమిదేళ్ళు ప్రతి ఎండాకాలం ఆ పుస్తకాన్ని పడవలో తడవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు అతను. అట్ట రంగు ఎంత దూరాన్నుంచయినా పోలుస్తాడు. బల్ల మీంచి సగం లేచాడు.

"వద్దక్కా," అన్నాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆఫీసరు కలం మూత తీశాడు.